మలుపు మీంచి కేకేసిన ఓటీపీ

నా ఈమెయిల్ తెరుచుకోవాలంటే కొండ మీద ఒక మనిషి నిలబడి అరవాలి. ఈ మాట విశాఖపట్నంలో మా ఆఫీసు వాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా, ఈవిడ మళ్ళీ కోతలు మొదలెట్టిందని నవ్వుకున్నారే తప్ప ఒక్కరూ నమ్మలేదు. తప్పు వాళ్ళది కాదు. యాభై దగ్గర పడుతున్న ఈ వయసు దాకా నేను చెప్పిన కబుర్లన్నీ చాటలో పోసి చెరిగితే నిజాలు పిడికెడు కూడా మిగలవు. ఇది మాత్రం నిజం. నిజం కాబట్టే చెప్పడం కష్టంగా ఉంది. అబద్ధానికైతే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో నాకు బాగా తెలుసు.

మాది కాఫీ, మిరియాలు కొనే కంపెనీ. అరకు నుంచి పాడేరు పోయే దారిలో, రోడ్డు మలుపుకి దిగువన, గిన్నెలాంటి పల్లంలో మా షెడ్డు ఉంది. శీతాకాలం పళ్ళు కోసే రోజుల్లో అక్కడ తిరనాళ్ళే. మిషను రొద, బస్తాలు దింపే వాళ్ళ కేకలు, పళ్ళు ఏరే ఆడవాళ్ళ పాటలు. ఎండలు వచ్చేసరికి అందరూ ఎవరి పొలాలకి వాళ్ళు వెళ్ళిపోతారు. మిగిలేది నేనూ, షెడ్డు వెనక రేకుల గదీ, ఒక కంప్యూటరూ. నర్సరీలో మొక్కలు చూడటం, వాన ఎంత పడిందో కొలవడం, ఏ తోటలో ఏ తెగులు కనిపించిందో ఊరూరా తిరిగి తెలుసుకోవడం, సాయంత్రానికి అదంతా మెయిల్లో పంపడం, ఇదే నా పని.

షెడ్డుకి తీగ మీద ఇంటర్నెట్ వస్తుంది. సెల్లు సిగ్నల్ మాత్రం పల్లంలోకి దిగదు. బురదలో చెప్పులు పాడవుతాయని వాకిట్లోనే నిలబడిపోయే చుట్టంలాగ, రోడ్డు మలుపు దగ్గరే ఆగిపోతుంది.

మొదట్లో దీనివల్ల చిక్కేమీ లేదు. పాస్‌వర్డ్ కొడితే మెయిల్ వచ్చేది. తర్వాత ఇంకో కొండ మీద పనిచేసే మా వాడొకడు, ‘మీ పాస్‌వర్డ్ వెంటనే మార్చుకోండి, లేకుంటే మెయిల్ ఆగిపోతుంది’ అని వచ్చిన దొంగ ఉత్తరాన్ని నమ్మి, దొంగ పేజీలో తన పాస్‌వర్డ్ కొట్టేశాడు. ఆ వారమంతా వాడి పేరుతో ఎవరో మా సరుకు కొనేవాళ్ళందరికీ ఉత్తరాలు రాశారు. దాంతో కంపెనీ రూలు మార్చింది. నాలాగా బయట ఉండి పనిచేసేవాళ్ళు బ్రౌజర్లో మెయిల్ తెరిస్తే, పాస్‌వర్డ్ తర్వాత ఫోనుకి ఆరంకెల ఓటీపీ వస్తుంది. అది కూడా కొట్టాలి. కాసేపు ఊరుకుంటే అది చెల్లదు.

ఓటీపీ వచ్చేది పైన మలుపులో. కొట్టాల్సింది కింద పల్లంలో. ఫోను పట్టుకుని పైకెక్కి, అంకెలు నోట్లో పెట్టుకుని కిందికి పరిగెత్తి చూశాను. కాలు జారి తేయాకు పొదలాంటి దాంట్లో పడి, లేచి చూసుకుంటే మోకాలి చిప్ప గుర్తుంది గానీ అంకెలు గుర్తులేవు.

మలుపు దగ్గర నీలం టార్పాలిన్ కింద టీ, చోడి అంబలి, అంటే రాగి జావ, అమ్మే ఆవిడ ఉంది. నాకంటే పెద్దది. అక్కని ఇక్కడ పిలిచినట్టే నేను అప్పా అని పిలుస్తాను. ఆమె నన్ను ఆపీసమ్మా అంటుంది. ఆమెకి అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. ఫోను తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాను.

“అప్పా, ఇది నీ దగ్గరే ఉంచు. రోజూ సాయంత్రం ఇందులో ఆరు అంకెలొస్తాయి. నాకు వినపడేలా కేకెయ్యి, చాలు.”

“రోజూనా?”

“రోజూ.”

“ఓలమ్మో! ఎవుడే ఆడు, మాటల్లేకుండా అంకెల్తోనే సరసాలాడతన్నాడు?”

“మిలట్రీలో ఉన్నాడప్పా. మాటలు బయటికి రాకూడదు.”

“నిన్న నీ మనిషి ఓడ నడుపుతాడన్నావు కదే!”

“మిలట్రీ ఓడ.”

ఆమె నవ్వి ఫోను రవికెలో దోపుకుంది.

అలా మొదలైంది. సాయంత్రం పాస్‌వర్డ్ కొట్టి, వచ్చి వరండాలో నిలబడేదాన్ని. పైనుంచి కేక దిగేది. “ఓ ఆపీసమ్మో... నాలుగూ... తొమ్మిదీ...” ఎదుటి కొండ దాన్ని పట్టుకుని తిరిగి నా మీదకి విసిరేది. ఒకటికి రెండుసార్లు వినపడేది కాబట్టి అంకె తప్పిపోయే బాధ కూడా లేదు. లోపలికి పరిగెత్తి కొట్టేదాన్ని. మెయిల్ తెరుచుకునేది.

ఒక్క మాట చెప్పాలి. ఆ ఓటీపీ కోసం నేను పొద్దున్నుంచీ ఎదురుచూసేదాన్ని. ఊళ్ళలోకి వెళ్తే జనం మర్యాదగానే ఉంటారు. మంచం వాలుస్తారు, తెగులు తగిలిన ఆకు తెచ్చి చూపిస్తారు, అడిగినదానికి జవాబిస్తారు. నేనొక కోత కోస్తే నవ్వుతారు కూడా. కానీ నేను లేచిన తర్వాత ఆ మంచం మళ్ళీ గోడకి చేరుతుంది. రోజు మొత్తం మీద నన్ను గట్టిగా, కావాలని, నా కోసమే పిలిచే గొంతు అదొక్కటే. పని ఉండి పిలిచినా పిలుపు పిలుపే. మెయిల్ ఒక రోజు పోయినా నాకు బెంగ లేదు. ఆ కేక ఒక రోజు ఆగితే మాత్రం నాకు అన్నం సహించదని తెలిసిపోయింది.

కేక నాకొక్కదానికే వినపడుతుందా? కొండ చుట్టూ ఊళ్ళున్నాయి. ఒకసారి మా నర్సరీ పక్క ఊరి పెద్దాయన, మిరియపు తీగలు బాగా పెంచుతాడని పేరు, తీరుబడిగా అడిగాడు. “ఆపీసమ్మా, ఆ అంకెలేటి?”

నిజం చెబితే ఏం పోయేది? కానీ నోరు ఊరుకోదు కదా. “మంచు లెక్క బాబూ. రేపు ఈ లోయలోకి ఎంత మంచు దించాలో విశాఖపట్నం నుంచి చెబుతారు. నేను ఇక్కడ మీట నొక్కుతాను. టూరిస్టులు ఎక్కువ వస్తారనుకుంటే ఎక్కువ దించుతాం. లంబసింగికి వేరే మనిషి ఉన్నాడు, వాడు చెయ్యి కాస్త ఎక్కువే తిప్పుతాడు.”

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. “అయితే మొన్న మా కందులు పువ్వు రాలిపోనాయి, అది నీ సలవేనేటి?” అన్నాడు. నమ్మాడో, నాకంటే రెండాకులు ఎక్కువ చదివాడో ఇప్పటికీ తెలియదు. మర్నాటికి మాత్రం మంచు లెక్క అన్ని ఊళ్ళకీ పాకింది. టూరిస్టులని తిప్పే జీపు డ్రైవర్లు అంబలి తాగుతూ, ఈ రోజు ఏ అంకె ముందొచ్చిందని అప్పని అడిగేవారట.

వానాకాలం మొదట్లో మా కంప్యూటర్ల భద్రత చూసే అబ్బాయి వీడియోలో పాఠం పెట్టాడు. అబ్బాయి అంటున్నాను గానీ ముప్పై దాటినవాడే, నెమ్మదైన మనిషి. “మేడం, ఓటీపీ అంటే మీ ఇంటి తాళంచెవి లాంటిది. మీరు తప్ప ఇంకెవరూ చూడకూడదు. ఎవరికీ చెప్పకూడదు. ఎవరిచేతా చెప్పించుకోకూడదు.”

“అయ్యో, ఎందుకు చెబుతాం?” అన్నాను.

సరిగ్గా అప్పుడు పైనుంచి దిగింది. ఆ పాఠంలోకి రాకముందే ఓటీపీ అడిగిన సంగతి మర్చిపోయాను. “ఓ ఆపీసమ్మో... ఏడూ... రెండూ... రెండూ...”

అతను చెవి తెరకి దగ్గరగా పెట్టాడు. “మేడం, ఎవరో అంకెలు చదువుతున్నట్టున్నారు?”

“మేకలండీ. సాయంత్రం ఇంటికి తోలేటప్పుడు లెక్కపెట్టుకుంటారు.”

“ఆరంకెల మేకలా మేడం?”

నాకు నవ్వాగలేదు, అతనికి మాత్రం నవ్వు రాలేదు. మెత్తగానే చెప్పాడు. ఇది ఇలాగే సాగితే బయటి నుంచి నా మెయిల్ మూసేయక తప్పదు, నన్ను విశాఖపట్నం ఆఫీసులో కూర్చోబెట్టక తప్పదు. కంప్యూటర్‌కి గుచ్చే చిన్న తాళం ఒకటుంటుంది, పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది, అది తెప్పిస్తాను. అది వస్తే ఓటీపీ అక్కర్లేదు, ఎవరూ కేకెయ్యక్కర్లేదు. వచ్చేదాకా ఏదో ఒక దారి చూసుకోండి, కానీ అంకెలు మాత్రం కొండంతా వినపడకూడదు.

ఎవరూ కేకెయ్యక్కర్లేదు. అతను నాకు మంచి కబురే చెప్పానని అనుకున్నాడు.

మర్నాడు మలుపు ఎక్కి అప్ప ముందు కూర్చున్నాను. అంకెలు వినపడకూడదు, కేక ఆగకూడదు. ఇద్దరం ఒక గ్లాసు టీ పంచుకుని ఆలోచించాం. చివరికి అంకెకో పంట పేరు పెట్టుకున్నాం. సున్నాకి గుమ్మడికాయ, గుండ్రంగా ఉంటుంది కాబట్టి. ఒకటికి ములక్కాడ. అక్కడితో పోలికలు అయిపోయాయి. మిగతావి అప్ప తోచినట్టు పంచింది. చోళ్ళు, అల్లం, పసుపు, సీతాఫలం, సామలు, రాజ్మా, మిరియాలు. తొమ్మిది పెద్దది కాబట్టి పనసకాయ ఇచ్చింది. చీటీ మీద రాసుకుని చూసుకుంటున్నా నాకు నోటికి రావడానికి మూడు రోజులు పట్టింది. ఆమె అప్పటికప్పుడే అప్పజెప్పేసింది. రోజూ సంతలో అరిచే పేర్లే కదా.

“ఇంక ఎవులికీ తెల్దు,” అంది. “నీకూ నాకూ తప్ప.”

కంపెనీ రూలు ప్రకారం ఆమెకీ తెలియకూడదు. ఆ మాట ఆమెతో అనలేదు. ఆ లోయలో మేమిద్దరం కలిపి ఒక మనిషి కింద లెక్కేసుకున్నాను.

ఆ సాయంత్రం కేక కొత్తగా దిగింది. “ఓ ఆపీసమ్మో... పనసకాయా... చోళ్ళూ... పనసకాయా... గుమ్మడీ...” ఎదుటి కొండ కూడా సంతకి బయల్దేరినట్టు అవన్నీ తిరిగి చదివింది. మెయిల్ తెరుచుకుంది. నా తెలివికి నేనే మురిసిపోతూ పడుకున్నాను.

తెల్లారి తలుపు తీస్తే గుమ్మంలో రెండు పనసకాయలు, ఆకు దొప్పలో చోళ్ళు, ఒక గుమ్మడికాయ. పక్కన మిరియాల పెద్దాయన గొడుగు వాల్చుకుని కూర్చుని ఉన్నాడు.

“ఏంటిది బాబూ?”

“నువ్వడిగినావు కదా?”

“నేనెప్పుడు అడిగాను?”

“మలుపు మీంచి నీ పేరెట్టి కేకేసినారు. మా కాడ అంతే. ఒకింట్లో సావొచ్చినా, పురుడొచ్చినా, జొరమొచ్చి లేవలేకపోనా, ఆ ఇంట్లో ఏటి నేదో అది కొండెక్కి అరుత్తారు. ఇన్నోడు తెచ్చీడమే. ఇంకెవుడో తెత్తాడులే అనుకోకూడదు, అందుకే ఇద్దరం పనస తెచ్చినాం.” నా ముఖంలోకి చూసి, “నీ ఒంట్లో బాగున్నాదా?” అన్నాడు.

“బాగానే ఉంది బాబూ,” అన్నాను. పనసకాయలు రెండూ ఒక్కొక్కటిగా లోపలికి మోసుకెళ్ళాను.

ఆ తర్వాత రోజూ అంతే. అల్లం వచ్చింది, పసుపు కొమ్ములు వచ్చాయి, ములక్కాడలు కట్టలు కట్టి వరండా కమ్మీకి వేలాడదీసి పోయారు. ఐదు అంకె వచ్చిన రోజున చిక్కొచ్చి పడింది. వానాకాలం మొదట్లో సీతాఫలం ఎక్కడ దొరుకుతుంది? కాయ లేని కాలంలో ఆపీసమ్మ సీతాఫలం అడుగుతున్నాదంటే వేవిళ్ళేమో అని ఎవరో అన్నారు. పక్క ఊరి ఆడవాళ్ళు ఇద్దరు పనిగట్టుకుని వచ్చి, నా ముఖంలోకీ పొట్టమీదకీ మార్చి మార్చి చూసి, “ఈ వయసులో పాపం” అని గొణుక్కుంటూ వెళ్ళారు. మర్నాడే అప్పకి చెప్పి సీతాఫలం తీయించి కందులు పెట్టించాను.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, వాళ్ళ ఇళ్ళలో చోళ్ళు నిండుకునే కాలం అది. గదిలో మూల గుమ్మడికాయలు పేరుకుంటుంటే నాకు ముద్ద దిగలేదు. మిరియాల పెద్దాయన దగ్గరికి వెళ్ళి, జన్మలో ఎప్పుడోగానీ చెయ్యని పని చేశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఫోను, ఓటీపీ, దొంగ ఉత్తరం, అంకెకో పంట, అన్నీ. నాకేమీ అక్కర్లేదు బాబూ, అవి వట్టి అంకెలు అన్నాను.

ఆయన పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. ఇంట్లోకి తిరిగి పెళ్ళాన్ని కేకేశాడు. “ఇంటన్నావా? మొన్న అంకెలు మంచన్నాది. ఇప్పుడు గుమ్మడికాయలు అంకెలంటన్నాది!”

“సిగ్గుపడతన్నాది మామా,” లోపలినుంచి ఆవిడ అంది. “అడగనేక అలాగంటాది. ఎల్లేటప్పుడు ఆ సామలియ్యి.”

సామల మూట చంకన పెట్టుకుని దిగివచ్చాను. దారంతా ఒకటే అనుకున్నాను. అడగలేక అంటాది. ఆవిడకి నా గురించి ఏం తెలుసని?

తాళం వచ్చింది. పాడేరు బస్సు కండక్టరు అప్ప కొట్టు దగ్గర పార్సిల్ దించి పోయాడు. చిటికెన వేలంత ఉంది. గుచ్చి, మీద వేలు ఆనిస్తే చాలు, మెయిల్ తెరుచుకుంటుందని అందులో బొమ్మలు వేసి చూపించారు. సోమవారం నుంచి నా ఫోనుకి ఓటీపీలు రావు అని భద్రత అబ్బాయి ముందే రాశాడు.

ఆదివారం సాయంత్రం చివరిసారి ఓటీపీ అడిగాను. వాన తెరిపిచ్చింది. కేక దిగింది. “ఓ ఆపీసమ్మో... అల్లం... అల్లం... రాజ్మా...” మొత్తం విన్నాను. లోపలికి వెళ్ళాను. కొట్టలేదు. తెర మీద కింద చిన్నగా ‘మళ్ళీ పంపు’ అని ఉంటుంది. అది నొక్కి వరండాలోకి వచ్చాను.

పైన కాస్త ఆలస్యమైంది. “ఓ ఆపీసమ్మో... ములక్కాడా... కందులూ...”

మళ్ళీ నొక్కాను. మళ్ళీ. అప్ప గొంతు బొంగురుపోతోంది. మధ్యలో “సెవుడొచ్చినాదేటే!” అని ఒక తిట్టు కూడా దిగింది, దాన్ని కూడా ఎదుటి కొండ తిరిగి చదివింది. నేను కమ్మీ పట్టుకుని నిలబడి విన్నాను. పసుపు, పనస, సామలు, మిరియాలు. ఏది ఏ అంకో ఆలోచించడం మానేశాను. చివరికి తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. చాలాసార్లు అడిగారు కాబట్టి ఖాతా ఆపేశాం అని. పైన కూడా నిశ్శబ్దం అయింది.

సోమవారం పొద్దున జనం దిగారు. ఒకరు కాదు, ఇద్దరు కాదు, మూడు ఊళ్ళ వాళ్ళు. నెత్తిన గంపలు, భుజాన కావిళ్ళు. అన్ని సరుకులు అన్నిసార్లు కేకేస్తే అది ఒక మనిషి తిండి కాదు కదా, ఆపీసమ్మ ఇంట్లో ఏదో పెద్ద కార్యం ఉందనుకున్నారు. కొత్త చీర కట్టుకుని వచ్చిన ఆడవాళ్ళు కూడా ఉన్నారు. వాకిట్లో నిలబడి లోపలికి తొంగిచూశారు. గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, ఒక కంచం.

“సుట్టాలేరి?” అన్నాడు మిరియాల పెద్దాయన.

కథ అల్లడానికి నాకు రెప్పపాటు చాలు. రైలు టైడా దగ్గర కొండచరియ పడి ఆగిపోయిందనో, పెళ్ళివారు అలిగి వెనక్కి తిరిగారనో చెప్పొచ్చు. నాలుక మీదకి వచ్చింది కూడా. రానివ్వలేదు.

“ఎవరూ లేరు బాబూ. ఎవరూ రారు.”

ఆయన పెళ్ళాం నెత్తి మీది గంప దించింది. “మరి మేమొచ్చినాం కదా. పొయ్యెక్కడ?” అంది.

షెడ్డులో, పళ్ళు ఆరబోసే గచ్చు మీద రాళ్ళు పెట్టి వండారు. పనసకాయ కూర, సామల అన్నం. పొగలో కళ్ళు తుడుచుకోవడం అందరికీ ఉంది కాబట్టి నాది ఎవరూ గమనించలేదు. అందరం వరసగా కూర్చుని తిన్నాం. వాళ్ళ భాషలో వాళ్ళు నవ్వుకున్నారు. నాకు సగం అర్థం కాలేదు, అర్థం చెప్పమని అడగనూ లేదు. మధ్యాహ్నం వాన పట్టేలోపు పొలం పనులు గుర్తొచ్చి ఒక్కొక్కరే లేచారు. తొందరగానే ఖాళీ అయిపోయింది. గచ్చు మీద ఆకులు, బూడిద మిగిలాయి.

అప్ప కిందికి రాలేదు. ఫోను మోగిందట. భద్రత అబ్బాయి. నేను పైకి వెళ్ళేసరికి ఆమె అతనితో గట్టిగా మాట్లాడుతోంది. “నానే అరిసినాను బాబూ, ఇంకెవుడో ఎందుకరుత్తాడు? ఇదుగో వొచ్చినాది, నువ్వే అడుగు.”

“మేడం, నిన్న అన్నిసార్లు కోడ్ అడిగింది మీరేనా? ఎవరైనా మీ ఖాతాలోకి దూరుతున్నారేమోనని రాత్రంతా భయపడ్డాను.”

“నేనేనండీ.”

“ఎందుకు?”

“వినాలనిపించింది.”

అవతల కీబోర్డు టకటకలాడింది. “ఖాతా తెరిచాను మేడం. తాళం గుచ్చి చూడండి. ఏమైనా ఇబ్బంది ఉంటే నాకు ఫోన్ చెయ్యండి,” అని, మళ్ళీ తనే, “మీకు సిగ్నల్ ఉండదు కదా” అన్నాడు.

ఫోను తిరిగి తీసుకోబోతే అప్ప ఇవ్వలేదు. “కింద పనిసెయ్యదు కదా, ఉండనీ. ఎవులైనా సేత్తే సెప్తాను,” అంది. ఎవరు చేస్తారని అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. పాలు విరిగిపోయాయని కొట్టు కట్టే హడావుడిలో ఉంది.

ఇప్పుడు మెయిల్ చప్పుడు లేకుండా తెరుచుకుంటుంది. తాళం గుచ్చుతాను, వేలు ఆనిస్తాను, అంతే. ఇంతకంటే భద్రంగా ఉండటం కుదరదని అందరూ అంటారు, నిజమే. వాన లెక్క, తెగుళ్ళ లెక్క పంపేస్తాను. పంపాక ఇంకా చాలా వెలుతురు మిగిలి ఉంటుంది. అంతకు ముందు నా ఓటీపీ వచ్చేదాకా కొట్టులోనే ఆగే అప్ప, ఇప్పుడు వానలో కూర్చునే పనేముందని ముందు జీపుకే ఊరికి పోతోంది. ఊళ్ళ వాళ్ళు కూడా, కేక లేదు కాబట్టి ఆపీసమ్మకి ఏ లోటూ లేదనుకుంటున్నారు.

నిన్న సాయంత్రం మెయిల్ పంపేసి వరండాలోకి వచ్చాను. మలుపు దగ్గర నీలం టార్పాలిన్ ఇంకా మడవలేదు, అప్ప వెళ్ళలేదన్నమాట. కమ్మీ దగ్గర నిలబడి, గొంతు సవరించుకుని, “ఓ అప్పో... ఉప్పూ...” అని అరిచాను. పైనుంచి కిందికి దిగినంత తేలిగ్గా గొంతు కిందినుంచి పైకి ఎక్కదు. షెడ్డు రేకులకి తగిలి అక్కడే పడిపోయింది. మళ్ళీ అరిచాను. ఇంకాస్త గట్టిగా అరిచాను. ఉప్పు నిజంగానే అయిపోయింది.